మద్దెల ఓడైనప్పుడు

‘ఆడలేక మద్దెల ఓడు’ అను సామెతను తెలుగు ఉపాధ్యాయులమైన మేము ఏటేట తరగతిలో ఒక్కసారియైనను వాడకుండ నుండము. పాఠము చదువక వచ్చి ప్రశ్నపత్రమును నిందించువానిని, ఛందస్సు నేర్వక పద్యమును నిందించువానిని ఈ సామెతతోడనే నోరు మూయించుట మాకు అలవాటు. కాని నిజముగనే మద్దెల ఓడైన సందర్భములు లోకమున లేకపోలేదు. అట్టి చోట ఆడినవారు మద్దెలను ఏమియు ననక తమ కాళ్ళనే నిందించుకొన్నచో, ఆ మద్దెలను కొని తెచ్చినవాడు ఏమి చేయవలెను?

ఈ ప్రశ్న నాకు ఒక కెమేరా కటకము మూలమున కలిగినది. కటకమునకును సాహిత్యపు పుటకును సంబంధమేమని చదువరులు సందేహింపవచ్చును. పూర్వవిద్యార్థుల విరాళములతో పాఠశాలలకు, కళాశాలలకు కెమేరాలు వచ్చుచున్న కాలమిది. వానిని ఎన్నుకొనవలసిన భారము తరచుగా ఉపాధ్యాయుల మీదనే పడుచున్నది. అందులో నేను చేసిన పొరపాటు ఒకటి కలదు. దానిని దాచుకొనుట కంటె చెప్పుకొనుటయే నలుగురికి మేలని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మా కళాశాలలో చదువుకొని వెళ్ళినవారు కొందరు పైకము పోగుచేసి మా విభాగమునకు ఇచ్చిరి. శాసనములను, దేవాలయ శిల్పములను, ఊరి జాతరలను, విద్యార్థుల ఆటపాటలను చిత్రములుగ భద్రపరచుటకై కెమేరా కొనవలెనని నిశ్చయించితిమి. కెమేరాయు, దానితో వచ్చు చిన్న కటకమును కొనగా, దూరపు వస్తువును దగ్గరగ చూపు టెలిఫోటో జూమ్ కటకమునకు కొద్దిపాటి సొమ్ము మిగిలినది. దుకాణమువారు రెండు కటకములను చూపిరి. రెండును 70 మిల్లీమీటర్ల నుండి 300 మిల్లీమీటర్ల వరకు పోవునవియే. ఒకదానిలో చేతి వణుకును సరిదిద్దు యంత్రాంగము కలదు, రెండవదానిలో లేదు. రెండవది చౌక.

కొనుగోలు సంఘమున ముగ్గురము. భౌతికశాస్త్రము చెప్పు మిత్రుడు మొదటిదానిని కొందమనెను. ‘మన తాతలనాటి ఛాయాచిత్రకారులకు ఈ యంత్రాంగము ఉండెనా? వారు తీసిన చిత్రములు నేటికిని గోడల మీద లేవా?’ అని నేను వాదించితిని. మిగిలిన సొమ్ముతో మంచి సంచియొకటి, అదనపు మెమరీ కార్డు ఒకటి వచ్చునని లెక్క కూడ చెప్పితిని. వయస్సున పెద్దవాడను గనుక, ‘సరే మాస్టారూ, మీ ఇష్టం’ అని ఆయన ఊరకుండెను. అట్లు నేను నెగ్గితిని. పొదుపు చేసితినను గర్వము కూడ నాకు కొంత కలిగెను.

2024 డిసెంబరులో విద్యార్థులను పాలంపేట తీసికొనిపోయితిమి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప దేవాలయము అచ్చట కలదు. 2021లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ సంపదల పట్టికలో చేర్చిరి. ఆలయపు చూరు క్రింద, వెలుపలి స్తంభముల తలల చెంత, నల్లరాతి మదనికలు ఒరగి నిలిచియున్నవి. నటరాజ రామకృష్ణ గారు పేరిణి తాండవమును పునరుద్ధరించుటకు ఆశ్రయించినది ఈ ఆలయపు శిల్పములనే గదా! ఆ మదనికల నగలను, వ్రేళ్ళ భంగిమలను, కేశబంధములను చిత్రించి, కావ్యములలోని వర్ణనలతో సరిపోల్చి, గోడపత్రిక నొకదానిని తయారుచేయవలెనని మా సంకల్పము.

కెమేరా పట్టు పని రెండవ సంవత్సరము చదువుచున్న ఒక విద్యార్థిని కోరి తీసికొన్నది. పల్లెటూరి పిల్ల. నెలదినములు ముందుగనే కెమేరా పుస్తకమును చదివి, కళాశాల ఆవరణమున చెట్లమీది కాకులను తీసి తీసి అభ్యాసము చేసినది. మేము గుడి చేరునప్పటికి పొద్దు వాలినది. మదనికలున్నవి చూరు నీడలో. ముక్కాలి నిలుపుకొందమన్న, పురావస్తుశాఖవారి రక్షణలోనున్న కట్టడములలో అందులకు ముందుగ అనుమతి పొందవలెను, మేము పొందియుండలేదు. ఆ పిల్ల చేతితోడనే పట్టి, ఊపిరి బిగబట్టి, నూట ఎనుబది చిత్రములు తీసెను. తిరిగి వచ్చి కంప్యూటరు తెరమీద చూడగా పది మాత్రమే నిలిచినవి. మిగిలినవానిలో మదనికల ముఖములు నీటిలో చూచినట్లు చెదరియున్నవి.

‘సార్, నా చెయ్యి వణికిందండి. కెమెరా నాకు ఇవ్వకుండా ఉండాల్సిందండి’ అని ఆ పిల్ల తల వంచుకొన్నది. నేను ఓదార్చితిని. ‘పరవాలేదమ్మా, అభ్యాసముమీద వస్తుంది’ అంటిని. ఇంతకంటె అసత్యమైన ఓదార్పు నేను నా ఉద్యోగకాలమున ఎవరికిని చెప్పియుండను. అటుపిమ్మట మూడు నెలలు ఆమె కెమేరాను ముట్టలేదు.

నాకు సంగతి తెలిసినది భౌతికశాస్త్ర మిత్రుడు ఆ చిత్రములను చూచినప్పుడు. ఆయన చిత్రముతోపాటు నమోదైన వివరములను తెరచి చూపెను. 300 మిల్లీమీటర్ల కడ, షట్టరు కాలము సెకండులో 60వ వంతు. ‘ఇది ఎవరి చేతిలోనైనా ఇంతే మాస్టారూ’ అని ఒక సున్నపు ముక్క తీసికొని లెక్క వేసెను. ఆ లెక్క ఇది.

కటకపు నాభ్యంతరము పెరిగినకొలది దూరపు వస్తువు పెద్దదిగ కనబడును. దానితోపాటే చేతి వణుకును పెద్దదగును. కెమేరా చిత్రము పడుచుండగా డిగ్రీలో నూరవ వంతు ఒరిగినదనుకొందము. ఇది ఎంత స్వల్పమన, సుమారు 6 మీటర్ల పొడవైన కఱ్ఱను పట్టుకొన్నప్పుడు దాని కొన ఒక మిల్లీమీటరు కదలినంత. 300 మిల్లీమీటర్ల కటకము వెనుక ఈ ఒరగుట వలన బింబము 0.05 మిల్లీమీటరు జరుగును. 24 మెగాపిక్సెళ్ళ సామాన్యపు కెమేరాలో ఒక్కొక్క చుక్క వెడల్పు 0.004 మిల్లీమీటరు కంటె కొంచెము తక్కువ. అనగా శిల్పపు కంటి అంచు 13 చుక్కల మేర అలుకుకొనిపోవును. అదే వణుకు 50 మిల్లీమీటర్ల కటకముతో సుమారు రెండు చుక్కలు మాత్రమే. చిన్న కటకముతో చక్కగ వచ్చిన చేయి పెద్ద కటకముతో చెడినట్లు కనబడుటకు కారణమిదియే. చేయి మారలేదు, కొలబద్ద మారినది.

ఈ విషయమును ఛాయాచిత్రకారులు ఫిల్ముల కాలము నుండియు ఒక సూత్రముగ చెప్పుకొనుచున్నారు. కటకపు నాభ్యంతరము ఎంతయో, షట్టరు కాలము సెకండులో అన్నవ వంతునకు మించి యుండరాదు. 300 మిల్లీమీటర్లకు 300వ వంతు. నేటి సామాన్య కెమేరాలలో బింబము పడు ఫలకము పాత ఫిల్ము కంటె చిన్నది గనుక ఆ సంఖ్యను ఒకటిన్నరతో హెచ్చవేయవలెను, 450 వచ్చును. కావున 500వ వంతు క్షేమము. మా పిల్లకు ఆ చూరు నీడలో దొరికినది 60వ వంతు. కావలసినదాని కంటె ఎనిమిది రెట్లు నిదానము. అట్టి స్థితిలో నూట ఎనుబదింట పది నిలిచినవన్న, అది ఆమె చేతి నిలకడకు సాక్ష్యము గాని లోపమునకు సాక్ష్యము కాదు. ఇచ్చట మద్దెల నిజముగనే ఓడు. ఆ మద్దెలను బేరమాడి కొనినవాడను నేను.

చేతి వణుకును సరిదిద్దు యంత్రాంగము చేయు పనిని క్లుప్తముగ చెప్పుదును. కటకములో సూక్ష్మమైన గైరో సూచికలు ఉండి, కెమేరా ఏ దిక్కున ఎంత వేగముగ ఒరుగుచున్నదో క్షణక్షణము కనిపెట్టుచుండును. లోపలి గాజుల సమూహమొకటి విద్యుదయస్కాంతముల బలముతో ఆ ఒరగుదలకు ప్రతిగ ప్రక్కకు జరుగును. బింబము ఉన్నచోటనే నిలుచును. నిండుకుండ నెత్తిన పెట్టుకొని నడచు స్త్రీ మెడ చేయు సర్దుబాటు వంటిదే ఇది. కానన్‌వారు దీనిని ఐ.ఎస్. అనియు, నైకాన్‌వారు వి.ఆర్. అనియు, సోనీవారు ఓ.ఎస్.ఎస్. అనియు, టామ్రాన్‌వారు వి.సి. అనియు పిలుచుచున్నారు. పేర్లు వేరైనను పని ఒకటే. 1994లో నైకాన్‌వారు దీనిని చిన్న ఫిల్ము కెమేరాలో పెట్టిరి. 1995లో కానన్‌వారు మార్చుకొనదగిన 75–300 జూమ్ కటకములో అమర్చిరి. 2007లో వచ్చిన కానన్ 55–250 కటకముతో ఇది సామాన్యుని అందుబాటులోనికి దిగినది. మఱియొక మార్గము కటకమునకు బదులు కెమేరాలోని ఫలకమునే కదిలించుట; కొన్ని కెమేరాలలో ఆ యేర్పాటు కలదు.

దీనివలన లాభమెంత? తయారుచేయువారు మూడు నాలుగు మెట్లని చెప్పుదురు. ఒక మెట్టు అనగా కాలము రెట్టింపగుట. మూడు మెట్లన్న 500వ వంతు కావలసినచోట 60వ వంతు చాలుట. చేతి అనుభవమున రెండు, మూడు మెట్లు నమ్ముకొనుట వివేకము. మా పిల్లకు సరిగ్గ ఆ మూడు మెట్లే తక్కువైనవి! కటకపు ధరలో నేను మిగిల్చిన సొమ్ము ఆ మూడు మెట్ల వెల.

ఇంతవరకు చదివినవారు, ‘అట్లయిన వణుకు సరిదిద్దు కటకమే ఎల్లప్పుడును కొనవలెను’ అని తీర్పు చెప్పుకొందురేమో! తొందరపడవలదు. ఒక తప్పు దిద్దుకొనుటలో రెండవ తప్పు చేయు మానవస్వభావము నాయందును కలదు. మదనికల వ్యవహారము తరువాత నేను కొన్నాళ్ళు ఆ చౌక కటకమును అంటరానిదానివలె చూచితిని. వార్షిక క్రీడల నాడు ఒక విద్యార్థి దానినే పట్టుకొనిపోయి కబడ్డీ ఆటను తీసెను. ఎఱ్ఱని యెండ, షట్టరు కాలము 1000వ వంతు. కూతకు వచ్చినవాడు గాలిలో లేచినప్పటి దుమ్మురేణువులు సైతము విడివిడిగ కనబడినవి. అంతటి వేగమున చేతి వణుకునకు బింబమును చెరుపు వ్యవధియే లేదు. యంత్రాంగమున్నను అది అదనముగ ఒరగబెట్టునది ఏమియు లేదు.

ఆ నెలలోనే మఱియొకటి జరిగినది. కళాశాల వేదికమీద కూచిపూడి ప్రదర్శనము. ఈసారి జాగ్రత్తపడి, వణుకు సరిదిద్దు కటకమును ఒక సహాధ్యాపకుని యొద్ద ఎరువు తెచ్చితిని. దీపములు మందము. షట్టరు కాలము 40వ వంతు. ఫలితము చిత్రమైనది. నట్టువాంగము వేయుచున్నవారి ముఖము, వెనుకనున్న తెరమీది కుట్టుపని, వేదికమీది దీపపుసెమ్మె అన్నియు గీత గీచినట్లు వచ్చినవి. నర్తకి చేతులున్నచోట మాత్రము రెండు పొగచారలు! యంత్రాంగము నా చేతిని నిలిపినది. నర్తకి చేతిని నిలుపుట దాని పని కాదు. ఆ పని షట్టరుది మాత్రమే. ఈ సంగతిని ప్రకటనలు చెప్పవు. కొనినవారు తెలియక, ‘ఇంత పెట్టి కొంటిమి, ఐనను అలికినట్లే వచ్చుచున్నది’ అని వాపోవుదురు.

ఈ మూడు అనుభవముల వలన నాకు తేలినది ఒకే ప్రశ్న. చిత్రములో కదలునది ఏది? కదలునది తీయువాని చేయియైనచో యంత్రాంగము పనికివచ్చును. కదలునది తీయబడు వస్తువైనచో వెలుతురును, వేగమును పనికివచ్చును. శిల్పము, శాసనము, గోపురము, సభలో కూర్చుండిన వక్త, గూటిలో పొదుగుచున్న పక్షి మొదటి కోవలోనివి. ఆటలు, నృత్యము, పరుగు, ఎగురు పక్షి రెండవ కోవలోనివి. గుంటూరు చేరువనున్న ఉప్పలపాడు చెరువులలోని చెట్లమీద ఎఱ్ఱకాళ్ళ కొంగలు, గూడబాతులు కాపురముండుట పలువురెరుగుదురు. తెల్లవారుజామున గూటిమీద నిలిచిన పక్షిని తీయుటకు వణుకు సరిదిద్దు కటకము వరము. ఆ పక్షియే రెక్క విప్పినచో 1000వ వంతో, అంతకంటె వేగమో కావలెను. అప్పుడు ఆ వరము ఊరకనే యుండును. ఐనను కొన్ని కెమేరాలలో చూచు కిటికీలోని బింబము కూడ నిలకడగ నుండుట వలన పక్షిని గురిపెట్టుట సులభమగునన్న మాట నిజమే.

ఇక నేను పూర్వము చేసిన వాదములకు నేనే సమాధానము చెప్పుకొనవలెను. మొదటిది తాతల మాట. వారికి యంత్రాంగము లేదు, నిజమే. కాని వారికి ముక్కాలి ఉండెను, ఓపిక ఉండెను, తీయించుకొనువారిని కదలకుండ కూర్చుండబెట్టు అధికారము ఉండెను. వారి సామాన్యపు కెమేరాలకు 300 మిల్లీమీటర్ల కటకములు లేవు. చెడిన చిత్రములను వారు గోడకు తగిలింపలేదు గనుక మనకు మంచివే మిగిలినవి. మిగిలినవానిని చూచి పోయినవి లేవనుట తర్కము కాదు. విద్యార్థి ఇట్టి వాదము వ్రాసియుండిన నేను మార్కులు తగ్గించియుందును.

రెండవది, ‘ఐ.ఎస్.ఓ. పెంచుకొనరాదా?’ అనునది. పెంచుకొనవచ్చును. ఆ గుడిలో మేము 1600 మీద తీసితిమి. 60వ వంతు నుండి 500వ వంతునకు పోవలెనన్న 12800 చేయవలెను. అప్పుడు బింబముమీద ఇసుక చల్లినట్లు రేణువులు లేచును. ఆ ఇసుకను తుడుచు సాధనములు నేడు కంప్యూటరులో కలవు. అవి నానాటికి మెరుగగుచున్నవి కూడ. కాని తుడుచునప్పుడు ఇసుకతోపాటు ఉలి గీతలును కొంత పోవును. మాకు కావలసినవి ఆ ఉలి గీతలే.

మూడవది, ‘పెద్ద రంధ్రము గల కటకము కొనరాదా?’ అనునది. కొనగలిగినచో అంతకంటె మంచిది లేదు. చౌక జూములు 300 కడ ఎఫ్ 5.6 గాని 6.3 గాని ఇచ్చును. ఎఫ్ 2.8 కటకము 6.3 కంటె ఐదు రెట్లు వెలుతురు నిచ్చును. నర్తకి చేతులను నిలుపగలిగినది అదియే. కాని దాని ధర అనేక రెట్లు. బరువు సుమారు కిలోన్నర. ఈ వ్యాసము అట్టి భాగ్యవంతుల కొఱకు కాదు.

బజారులోని స్థితిని కొంత పరిశీలింతము. 2016లో నైకాన్‌వారు ఒకే 70–300 కటకమును రెండు విధములుగ తెచ్చిరి. రెంటిలోను గాజుబిళ్ళలు 14, ఒకదానిలో వి.ఆర్. కలదు, ఒకదానిలో లేదు. బరువు ఒకటి 415 గ్రాములు, ఒకటి 400 గ్రాములు. అమెరికాలో విడుదలనాటి ధరలలో భేదము 50 డాలర్లు. అనగా అన్నియు సమానముగ నుంచి, నిలకడకు విడిగ వెల కట్టిన యుదాహరణమిది. అంత కొద్ది భేదము కడ, నా అభిప్రాయమున, ఆలోచనయే అనవసరము. యంత్రాంగము గలదానినే కొనవలెను. ఐతే ఈ కటకములు కొన్ని పాత నైకాన్ కెమేరాలమీద సరిగ పనిచేయవు. తమ కెమేరాకు పొసగునా అని ముందుగ విచారించుకొనుట అవసరము.

కానన్‌వారి 75–300 మూడవ రూపము 1999 నాటిది, యంత్రాంగము లేదు, చౌక. వారిదే 55–250 ఎస్.టి.ఎమ్. 2013 నాటిది, యంత్రాంగము కలదు, 375 గ్రాములే. 300కును 250కును దగ్గరగ చూపుటలో భేదము ఐదింట ఒక వంతు మాత్రమే; చిత్రపు అంచులు కొంచెము కత్తిరించుకొన్న అది తీరిపోవును. కావున 75–300 క్రొత్తది కొనుట కంటె 55–250 ఒకరు వాడినది కొనుట మేలని నా నిశ్చితాభిప్రాయము. ‘క్రొత్తది’ అను మాటకు మనము అవసరమునకు మించిన విలువ నిచ్చుచున్నాము. రసీదుమీద క్రొత్తది కనబడవచ్చును గాని, చిత్రముమీద కనబడదు.

ఈ సమస్య పాతబడినదని ఎవరును అనుకొనరాదు. 2025లో కానన్‌వారు తమ అద్దము లేని కెమేరాల కొఱకు విడుదల చేసిన చౌకయైన 75–300 కటకమునందును వణుకు సరిదిద్దు యంత్రాంగము లేదు. ఆ తరగతికి చెందిన ఆర్ 100, ఆర్ 50, ఆర్ 10 కెమేరాలలోను ఫలకమును కదిలించు యేర్పాటు లేదు. చౌక కెమేరాయు, చౌక కటకమును కలిసినప్పుడు నిలకడ ఎచ్చటను లేకుండ పోవుచున్నదని కొనువారు గమనింపవలెను. కెమేరాలోనే ఆ యేర్పాటున్నచో, కటకములో లేకున్నను చింత లేదు.

వాడిన కటకమును కొనువారు కొన్ని పరీక్షలు చేసికొనవలెను. కటకమును వెలుతురునకు ఎదురుగ పట్టి లోపల బూజు దారములున్నవేమో చూడవలెను. సముద్రతీరపు జిల్లాలలో ఇది సామాన్యమైన జబ్బు. పిమ్మట చివరి నాభ్యంతరమునకు లాగి, 60వ వంతు కాలము పెట్టి, గోడమీది క్యాలెండరును యంత్రాంగముతో పది సారులు, లేకుండ పది సారులు తీయవలెను. రెండు పదులకును భేదము కనబడనిచో యంత్రాంగము చెడినదని అర్థము. ముక్కాలి మీద నిలిపినప్పుడు యంత్రాంగమును ఆపివేయుట సాధారణముగ క్షేమము. మీటను సగము నొక్కి, ఒక క్షణమాగి, బింబము కుదుటపడిన పిదప పూర్తిగ నొక్కవలెను.

యంత్రాంగము లేని కటకము ఇదివరకే చేతనున్నవారు నిరాశపడవలసిన పని లేదు. మోచేతులను ప్రక్కలకు ఆన్చి, భుజమును స్తంభమునకో గోడకో చేర్చి, ఊపిరి విడిచిన పిదప మూడు నాలుగు చిత్రములు వరుసగ తీసినచో వానిలో ఒకటి నిలుచును. నాభ్యంతరమును 300 నుండి 150కి తగ్గించి, రెండడుగులు ముందునకు నడచుట సాధ్యమైనచోట అదియే ఉత్తమ చికిత్స. అన్నిటికంటె మేలైనది పొద్దువాలక ముందే గుడి చేరుట. మేము దారిలో భోజనమునకు ఆగిన గంటన్నరయు ఆ చిత్రములలో కనబడుచునే యున్నది.

పాఠశాలకో, కళాశాలకో ఒకే కటకము కొనగలిగినచో, యంత్రాంగము గలదానినే కొనవలెనని నా తుదిమాట. ఏలయన, ఆటల చిత్రములకు అది అడ్డము రాదు; శిల్పములకు, సభలకు, సాయంకాలములకు అది తోడు వచ్చును. అంతకంటె ముఖ్యమైన కారణము మఱియొకటి. సొంత డబ్బుతో కొనుక్కొన్నవాడు తన పనిముట్టు లోపమును త్వరలోనే కనిపెట్టును. బడి పనిముట్టును పట్టుకొన్న పిల్లవాడు మాత్రము అది తప్పు చేయదని నమ్మును. సార్లు ఎన్నుకొన్నది గదా! తప్పు వచ్చినచో అది తనదే ననుకొనును. కటకములో మిగిలిన సొమ్ము లెక్కపుస్తకమున కనబడును. పిల్లలలో తరిగిన ధైర్యమును వ్రాయుటకు ఏ లెక్కపుస్తకమునను గడి లేదు. ప్రయోగశాలలోని త్రాసు, సంగీతపు గదిలోని హార్మోనియము, ఆటస్థలములోని బంతి అన్నిటికిని ఈ మాట వర్తించును.

లెక్క తెలిసిన మరునాడు నేను ఆ విద్యార్థిని తరగతికి పోయి, అందరి యెదుట ఆ అంకెలన్నియు నల్లబల్లమీద వేసి చూపితిని. కటకమును ఎన్నుకొన్నది నేననియు, మిత్రుడు వారించినను వినలేదనియు చెప్పితిని. తరగతి కొంతసేపు నిశ్శబ్దముగ నుండెను. ఉపాధ్యాయుడు తప్పు ఒప్పుకొనుట వారికి కొంత వింతగ తోచియుండును. ఆ పిల్ల ఏమియు ననలేదు. బల్లమీది అంకెలను మాత్రము పుస్తకములో ఎక్కించుకొన్నది. గంట కొట్టిన పిదప వచ్చి, ‘ఆ పది ఫోటోలు ఒకసారి చూడొచ్చాండీ?’ అని అడిగినది.

ఆ పదింటిని ఇప్పుడు మా విభాగపు గోడమీద పెట్టితిమి. భౌతికశాస్త్ర మిత్రుడును నేనును చెరికొంత వేసికొని, వాడినదే యైన వణుకు సరిదిద్దు కటకమొకటి తెచ్చితిమి. దానిని సామానుల పట్టికలో ఎక్కించునప్పుడు చూచితిని. తేదీకి, ధరకు, రసీదు సంఖ్యకు గడులు కలవు. ‘ఎందులకు’ అను గడి లేదు. ఎఱ్ఱసిరాతో ఒకటి గీచి, ‘నీడలోని శిల్పములకు’ అని వ్రాసితిని. రాబోవు డిసెంబరులో మరల పాలంపేట పోవలెనని యున్నది. ఈసారి మధ్యాహ్నమునకే చేరుదుము. కెమేరా పట్టువారి జాబితాలో ఆ పిల్ల పేరే మొదట వ్రాసితిని. రావలెనా వలదా అనునది ఆమె యిష్టము.